స్పోర్ట్స్ కారుకి సమ్మర్ టైర్లు ఎలా ఎంచుకోవాలి: సైజు చూడటం నుంచి మొదటి 500 కిలోమీటర్ల దాకా

స్పోర్ట్స్ కారు ఉన్నవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఒకటే: ఏ టైర్లు వేయించమంటారు? పేరు చెప్పేయడం తేలికే. కానీ అదే టైరు ఒక కారు మీద అద్భుతంగా పనిచేస్తుంది, ఇంకో కారు మీద రిమ్ముకి వెడల్పు కుదరకో, బరువు మోసే లోడ్ రేటింగ్ చాలకో, అక్కడి చలికి గట్టిపడో డబ్బంతా నీళ్లపాలవుతుంది. అందుకే మోడల్ పేరు ఆఖర్న తేల్చాలి. ముందు వాతావరణం, తర్వాత సైజు, లోడ్, స్పీడ్ రేటింగులు, ఆపైన మీరు కారు నడిపే తీరు.

ఇంకో మాట ముందే చెప్పేస్తాను, ఎందుకంటే కింద రాసినదంతా దీని మీదే నిలబడింది. రోడ్డు మీద తిరిగే కారుకి టైరును తడి రోడ్డు మీద పట్టు చూసి ఎంచుకోండి. పొడి రోడ్డు మీద ఈ తరగతి టైర్లన్నీ మామూలు రోడ్డు మీద మీకు అవసరమయ్యే దానికంటే ఎక్కువ గ్రిప్పే ఇస్తాయి. ఏది మంచిదో, ఏది కాదో తేలేది వానలో, ముందు వెళ్తున్న బండి ఉన్నట్టుండి ఆగినప్పుడు.

దగ్గర పెట్టుకోవలసినవి

- కారు మాన్యువల్. దానితోపాటు డ్రైవర్ డోర్ తెరిస్తే లోపలి అంచు మీద కనిపించే స్టిక్కర్ ఫోటో. కొన్ని కార్లలో ఇది పెట్రోల్ మూత వెనక ఉంటుంది.
- ఇప్పుడున్న నాలుగు టైర్ల సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఫోటోలు. ఒక్కటి తీసి ఊరుకోకండి, ముందువి వెనకవి వేరే సైజు ఉండొచ్చు.
- రిమ్ము వెడల్పు. రిమ్ము లోపలివైపు 8.5 జె లాగా ముద్ర వేసి ఉంటుంది.
- ట్రెడ్ (టైరులో రోడ్డుకి ఆనే గాళ్ల భాగం) లోతు కొలిచే గేజ్, సొంత ప్రెషర్ గేజ్, బోల్టుని ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్.
- ఒక చాక్‌పీస్, ఒక టార్చ్.

1. మీరుండే చోటికి సమ్మర్ టైరు పనికొస్తుందా, అది చూసుకోండి

సమ్మర్ టైరు రబ్బరు వెచ్చని రోడ్డు కోసం కలిపినది. ఉష్ణోగ్రత 7 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గుతున్న కొద్దీ అది బిగుసుకుంటుంది, పట్టు తగ్గుతుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు పొడి రోడ్డు మీద కూడా వెనక చక్రాలు జారడం చాలామందికి అనుభవమే. మంచు మీద, గడ్డకట్టిన రోడ్డు మీద అసలు వాడకూడదు, ట్రెడ్ ఎంత కొత్తదైనా సరే.

జాగ్రత్త: గడ్డకట్టే చలిలో నిలిపి ఉంచిన సమ్మర్ టైరును అలాగే కదిలించినా, దాని మీద బరువు మోపినా ట్రెడ్ దిమ్మలు చిట్లే ప్రమాదం ఉంది. అలా చిట్లిన టైరుకి మరమ్మతు లేదు. చాలా కంపెనీలు దీనికి వారంటీ కూడా ఇవ్వవు.

చలికాలంలో కూడా ఇదే కారు నడపాల్సి వస్తే రెండు దారులు. ఒకటి, రెండో సెట్టు రిమ్ములకి వింటర్ టైర్లు బిగించి ఉంచుకోవడం. రెండోది, హై పర్ఫార్మెన్స్ ఆల్ సీజన్ టైర్లతో సర్దుకోవడం. ఆల్ సీజన్‌లో స్టీరింగ్ కొంచెం మెత్తబడుతుంది, వేడి రోజున పొడి రోడ్డు మీద బ్రేకింగ్ దూరం పెరుగుతుంది. ఏడాదంతా 10 డిగ్రీల పైనే ఉండే చోట మాత్రం సందేహం అక్కర్లేదు, వానలు ఎంత పడినా సమ్మర్ టైరే వేయించండి. వెచ్చని తడి రోడ్డు మీద దీనిదే పైచేయి.

2. సైజు చదవండి, తర్వాత లెక్క వేయండి

ఉదాహరణకి సైడ్‌వాల్ మీద 245/40 జెడ్‌ఆర్ 18 97 వై ఎక్స్‌ఎల్ అని ఉందనుకుందాం. 245 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 40 అంటే సైడ్‌వాల్ ఎత్తు ఆ వెడల్పులో 40 శాతం. జెడ్ అంటే ఎక్కువ వేగానికి తయారైనదని, ఆర్ అంటే రేడియల్ అనే నిర్మాణం, 18 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో. 97 వై సంగతి తర్వాతి మెట్టులో చూద్దాం.

కారుతో వచ్చిన సైజే తీసుకుంటే ఈ మెట్టు దాదాపు ఐపోయినట్టే. నా సలహా కూడా అదే. ఆ సైజుకి తగ్గట్టే కంపెనీవాళ్లు సస్పెన్షన్, ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్ అన్నీ సరిచేసి ఉంటారు. మార్చాలనే ఉంటే మొత్తం వ్యాసం ఇలా లెక్క కట్టండి: సైడ్‌వాల్ ఎత్తుని రెండింతలు చేసి, రిమ్ము వ్యాసాన్ని మిల్లీమీటర్లలోకి మార్చి కలపండి. అంగుళానికి 25.4.

- 245/40 18: 196 + 457.2 = 653.2 మి.మీ.
- 245/35 19: 171.5 + 482.6 = 654.1 మి.మీ. తేడా ఒక మిల్లీమీటరు కూడా లేదు, కాబట్టి 19 అంగుళాల రిమ్ముకి వెళ్లేవాళ్లకి ఇది సరైన జోడీ.
- 255/40 18: 204 + 457.2 = 661.2 మి.మీ. 1.2 శాతం పెద్దది. అంటే మీటరు 100 చూపిస్తున్నప్పుడు కారు అంతకుముందు కంటే ఒక కిలోమీటరు పైచిలుకు వేగంగా వెళ్తుంటుంది.
- 255/35 18: 178.5 + 457.2 = 635.7 మి.మీ. 2.7 శాతం చిన్నది. హద్దు దగ్గరికి వచ్చేసింది, వద్దు.

అసలు వ్యాసం నుంచి 3 శాతం దాటకూడదని వాడుకలో ఉన్న లెక్క. స్పోర్ట్స్ కారుకి నేనైతే 1.5 శాతం దగ్గరే ఆగమంటాను.

వ్యాసం కుదిరిందంటే పని ఐపోయిందనుకోవద్దు. 275/35 18 వ్యాసం 649.7 మి.మీ., లెక్కలో చక్కగా సరిపోతుంది. కానీ ఆ టైరుకి కనీసం 9 అంగుళాల వెడల్పు రిమ్ము కావాలి. 245/40 18 టైరు 8 నుంచి 9.5 అంగుళాల రిమ్ముకి తయారైంది. 8.5 అంగుళాల రిమ్ము మీద 275 ఎక్కిస్తే టైరు పక్కలు లోపలికి నొక్కుకుపోయి, మలుపులో టైరు ఒరిగిపోతుంది, స్టీరింగ్ తిప్పాక కారు ఒక క్షణం ఆగి స్పందిస్తుంది. డబ్బు ఎక్కువ పెట్టి కారుని మొద్దుబార్చుకోవడమే ఇది. వెడల్పు పెంచితే గ్రిప్ పెరుగుతుందన్న నమ్మకం వల్ల జరిగే నష్టాల్లో ఇది మొదటిది. రెండోది వానలో తెలుస్తుంది: టైరు వెడల్పైన కొద్దీ నీటి మీద తేలిపోయే వేగం తగ్గుతుంది. మూడోది, పూర్తిగా స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం పైనున్న ప్లాస్టిక్ తొడుగుకి (ఫెండర్ లైనర్) రాసుకోవడం.

ముందు వెనక వేర్వేరు సైజులున్న కార్లలో ఒకదాన్ని మార్చి రెండోదాన్ని వదిలేయకండి. నాలుగు చక్రాలకీ శక్తి వెళ్లే కార్లకైతే ఇంకా కచ్చితంగా ఉండాలి. ముందు టైర్ల చుట్టుకొలతకీ వెనక టైర్ల చుట్టుకొలతకీ ఉండాల్సిన నిష్పత్తి తప్పితే ముందు వెనక చక్రాలకి శక్తి పంచే సెంటర్ డిఫరెన్షియలో, క్లచ్చో అదే పనిగా వేడెక్కి పాడైపోతుంది. ఇలాంటి కారులో ఒక టైరు పాడైనా మిగతా మూడింటి ట్రెడ్ కొలవాలి. మాన్యువల్ ఎంత తేడా ఒప్పుకుంటుందో చూసి, అది దాటితే నాలుగూ మార్చాలి.

3. లోడ్, స్పీడ్ రేటింగ్ తగ్గించకండి

97 అంటే ఒక్కో టైరు 730 కిలోలు మోయగలదని. ఇదే సైజు 93 రేటింగుతో కూడా దొరుకుతుంది, అది 650 కిలోలు. అంకెలో 4 తేడానే కదా అనుకుంటే ఒక్కో చక్రానికి 80 కిలోలు తగ్గిపోయింది. చివరి అక్షరం వేగానికి: వి అంటే గంటకి 240 కి.మీ., డబ్ల్యూ 270, వై 300. వై చుట్టూ బ్రాకెట్ ఉంటే 300 పైన. కారు కంపెనీ చెప్పిన దానికి సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండాలి. మేం అంత వేగంగా ఎక్కడ వెళ్తాం అనేవాళ్లుంటారు. రేటింగ్ తగ్గితే ఒక్క గరిష్ఠ వేగమే కాదు, వేడిని తట్టుకునే శక్తి, టైరు లోపలి నిర్మాణం కూడా మారిపోతాయి. ఎండలో, నిండా జనంతో, హైవే మీద గంటల తరబడి వెళ్లినప్పుడు అదే అక్కరకొస్తుంది.

ఎక్స్‌ఎల్ అని ఉంటే బలపరిచిన టైరు. మామూలు టైరు నుంచి ఎక్స్‌ఎల్‌కి మారితే అదే బరువు మోయడానికి కొంచెం ఎక్కువ గాలి కావాలి. ఈ సంగతి బిగించేవాళ్లు కూడా మర్చిపోతుంటారు, మీరే అడగండి.

4. మీరు నడిపే తీరుని బట్టి తరగతి తేల్చుకోండి

ఇక్కడ మీతో మీరు నిజాయతీగా ఉండాలి. నెలలో కారు ఎక్కడెక్కడ తిరుగుతుందో కాగితం మీద రాసుకుంటే సగం సందేహాలు తీరిపోతాయి.

రోజూ నడుపుతూ, సెలవు రోజున మలుపుల రోడ్డు మీద సరదాగా వెళ్లేవాళ్లకి మ్యాక్స్ పర్ఫార్మెన్స్ సమ్మర్ తరగతి. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్, కాంటినెంటల్ స్పోర్ట్‌కాంటాక్ట్ 7, బ్రిడ్జ్‌స్టోన్ పొటెంజా స్పోర్ట్, పిరెల్లీ పీ జీరో, గుడ్‌ఇయర్ ఈగిల్ ఎఫ్1 సూపర్‌స్పోర్ట్ ఈ వరుసలోవి. పదిమందిలో తొమ్మిదిమందికి చాలినవి ఇవే.

అప్పుడప్పుడు ట్రాక్‌కి వెళ్తూ, అదే టైర్ల మీద ఇంటికి తిరిగొచ్చేవాళ్లకి ఎక్స్‌ట్రీమ్ పర్ఫార్మెన్స్ తరగతి. బ్రిడ్జ్‌స్టోన్ పొటెంజా ఆర్ఈ-71 ఆర్ఎస్, యోకోహామా అడ్వాన్ ఏ052, ఫాల్కెన్ అజెనిస్ ఆర్‌టీ660 లాంటివి. పొడి రోడ్డు మీద పట్టు చాలా ఎక్కువ, అరుగుదల కూడా అంతే వేగం. రోడ్డు మోత వినిపిస్తుంది, నిలిచిన నీటిలో జాగ్రత్తగా నడపాలి.

మిషెలిన్ పైలట్ స్పోర్ట్ కప్ 2, పిరెల్లీ పీ జీరో ట్రోఫియో ఆర్ ఇంకో మెట్టు పైన, ట్రాక్ కోసం తయారై రోడ్డు మీద అనుమతి ఉన్నవి. ఇవి వేడెక్కే దాకా పూర్తి పట్టు ఇవ్వవు. ఆఫీసుకి పది కిలోమీటర్లు వెళ్లొచ్చే కారుకి వీటిని వేయిస్తే పట్టు పెరగదు సరికదా, తడి రోజున కంగారు పెరుగుతుంది.

సైడ్‌వాల్ మీద టైరు ఎంత నెమ్మదిగా అరుగుతుందో చెప్పే ట్రెడ్‌వేర్ అంకె కూడా ఉంటుంది. మొదటి తరగతిలో సుమారు 220 నుంచి 340, రెండో తరగతిలో ఎక్కువగా 200. ఈ అంకె ఎలా వస్తుందో తెలిస్తే దాన్ని ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. అమెరికాలో టెక్సాస్ రోడ్ల మీద దాదాపు 640 కి.మీ. చుట్టు తిప్పుతూ మొత్తం సుమారు 11,600 కి.మీ. కార్ల వరుసలో నడిపి, అరుగుదలని ఒక ప్రామాణిక టైరుతో పోల్చి, మిగతా ఆయుష్షుని అంచనా వేసి తయారీ కంపెనీయే ఆ అంకె ఇచ్చుకుంటుంది. అంచేత ఒకే కంపెనీ రెండు మోడళ్లని పోల్చడానికి అది పనికొస్తుంది, ఒక కంపెనీ 300ని ఇంకో కంపెనీ 340తో పోల్చడానికి పనికిరాదు. పక్కనే ఉండే ట్రాక్షన్ ఏఏ, ఏ అక్షరాలు నేరుగా వెళ్తున్నప్పుడు తడి రోడ్డు మీద జారుడుకి మాత్రమే, మలుపుల్లో పట్టు గురించి అవి ఏమీ చెప్పవు.

5. వానలో ఎలా పనిచేస్తుందో తేల్చుకుని రెండు మోడళ్లకి కుదించండి

యూరప్‌లో అమ్మే టైర్లకి లేబుల్ ఉంటుంది. 2021 మే నుంచి వచ్చిన కొత్త లేబుల్‌లో తడి పట్టుకి ఏ నుంచి ఇ దాకా తరగతులు. స్పోర్ట్స్ కారుకి ఏ ఉన్నదే చూడండి, తప్పదంటే బి. మీ చోట ఆ లేబుల్ అతికించకపోయినా, అదే మోడల్ అదే సైజుకి యూరప్‌లో ఏం ఇచ్చారో వెతికితే దొరుకుతుంది. సైజు మారితే తరగతి మారొచ్చు, కాబట్టి సైజు సహా చూడాలి.

తర్వాత పత్రికలు, సంస్థలు చేసిన టెస్టులు. వీటిలో అందరూ చూసేది మొత్తం ర్యాంకు. అది పక్కనపెట్టి నాలుగు వరుసలు చదవండి: తడి బ్రేకింగ్ దూరం మీటర్లలో, తడి హ్యాండ్లింగ్, నిలిచిన నీటి మీద ఏ వేగానికి తేలిపోతోంది, పొడి బ్రేకింగ్. మొదటి రెండు టైర్ల మధ్య ర్యాంకు తేడా కొన్నిసార్లు మోత వల్లో, ఇంధనం ఆదా వల్లో వచ్చి ఉంటుంది. స్పోర్ట్స్ కారు యజమానికి అది అంత ముఖ్యం కాకపోవచ్చు. టెస్టు మీ సైజుకి దగ్గరగా ఉందా, మీ కారు లాగా వెనక చక్రాలకి శక్తి వెళ్లే కారా అన్నది కూడా గమనించండి. పాత టెస్టులో గెలిచిన మోడల్ పేరు అలాగే ఉండి లోపల రబ్బరు మారి ఉండొచ్చు, అందుకని ఇటీవలి టెస్టే చూడాలి.

ఒక్క టెస్టు నమ్ముకోకండి. రెండు మూడింటిలో ఎప్పుడూ పైన కనిపించే టైరు మీకు కావలసినది.

6. ప్రత్యేక గుర్తులు, రన్ ఫ్లాట్

పోర్షే కోసం ఎన్0, ఎన్1, బీఎండబ్ల్యూకి నక్షత్రం, మెర్సిడెస్‌కి ఎంఓ, ఆడీకి ఏఓ లాంటి గుర్తులుంటాయి. అంటే ఆ మోడల్‌ని ఆ కారు కోసం కొంత మార్చి తయారుచేశారని. దొరికితే అదే తీసుకోవడం మేలు. దొరక్కపోతే గుర్తు లేనివి నాలుగూ వేసుకోవచ్చు, అయితే వారంటీ షరతులు ముందు చదవండి. గుర్తున్నవి రెండు, లేనివి రెండు కలపకండి. పోర్షే విషయంలో ఎన్0, ఎన్1 కలపడం కూడా వద్దు.

రన్ ఫ్లాట్ (గాలి పోయినా కొంత దూరం నడిచే టైరు) నుంచి మామూలు టైరుకి మారితే కారు కుదుపులు తగ్గుతాయి. కానీ అలాంటి కారులో సాధారణంగా స్పేర్ చక్రం ఉండదు. రంధ్రం మూసే సీలెంట్, చిన్న కంప్రెసర్ డిక్కీలో ఉంటేనే ఆ మార్పు చేయండి.

7. డబ్బు కట్టేముందు తయారీ తేదీ చూడండి

సైడ్‌వాల్ మీద డాట్ అనే అక్షరాల తర్వాత వచ్చే వరుసలో ఆఖరి నాలుగు అంకెలు. 2324 అంటే 2024లో 23వ వారం. ఈ తేదీ టైరుకి ఒక వైపే ఉండొచ్చు, బిగించాక అది లోపలివైపు పడితే కనపడదు. అందుకే రిమ్ముకి ఎక్కించకముందే నాలుగూ నేల మీద పెట్టించి, టార్చ్ వేసి చదవండి. ఏడాది లోపువి ఐతే హాయిగా తీసుకోండి. రెండేళ్లు దాటినవి ఈ తరగతిలో నేనైతే తీసుకోను, వాటిని ఎండ తగలని చోట దాచారని అమ్మేవాళ్లు చెప్పినా సరే. నాలుగింటి తేదీల మధ్య కొన్ని వారాల తేడా ఉంటే ఫర్వాలేదు.

సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ టైర్ల జోలికి పోకండి. ట్రాక్ మీద పలుమార్లు వేడెక్కి చల్లారిన రబ్బరు గట్టిపడి ఉంటుంది, ట్రెడ్ మాత్రం బాగా కనిపిస్తుంది. గేజ్ పెట్టినా ఆ సంగతి తెలియదు.

8. బిగించేటప్పుడు దగ్గరుండండి

చాలా మోడళ్లకి లోపలివైపు, బయటివైపు అని ముద్ర ఉంటుంది. బయటివైపు అన్న ముద్ర నాలుగు చక్రాలకీ బయటే కనిపించాలి. కొన్నింటికి తిరిగే దిశ చూపే బాణం ఉంటుంది, అది ముందుకి ఉండాలి. బాణం తిరగబడితే పొడి రోడ్డు మీద పెద్దగా తెలియదు, వానలో నీళ్లు బయటికి పోవాల్సింది లోపలికి వస్తాయి.

సైడ్‌వాల్ మీద పసుపు చుక్క ఉంటే అది టైరులో తేలిక భాగం, దాన్ని గాలి వాల్వ్ దగ్గర పెడతారు. ఎర్ర చుక్క ఉండి, రిమ్ము మీద దానికి జతగా గుర్తు ఉంటే ఆ రెండూ కలపాలి, అప్పుడు పసుపు చుక్కని పట్టించుకోనక్కర్లేదు. తర్వాత బ్యాలెన్సింగ్. సన్నని సైడ్‌వాల్ టైర్లకి రోడ్ ఫోర్స్ మెషీన్ ఉన్నచోట చేయిస్తే మంచిది. అది చక్రాన్ని రోలర్‌తో నొక్కి తిప్పుతుంది కాబట్టి బరువు తేడాతో పాటు గట్టిదనంలో తేడా కూడా పట్టుకుంటుంది.

వీల్ బోల్టులు ఎయిర్ గన్‌తో చివరిదాకా బిగించనివ్వకండి. చేత్తో తిప్పి, నక్షత్రం వరుసలో టార్క్ రెంచ్‌తో మాన్యువల్‌లో చెప్పినంత బిగించి, 80 నుంచి 150 కి.మీ. తిరిగాక ఇంకోసారి రెంచ్ పెట్టి చూడాలి.

వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. పాత టైర్లు ఒక అంచు అరిగి ఉంటే, అలైన్‌మెంట్ చేయించకుండా కొత్తవి వేస్తే అవీ అదే దారి పడతాయి. ముందు, తర్వాత కొలతలున్న కాగితం అడిగి తీసుకోండి.

రెండు టైర్లే మార్చే పరిస్థితి వస్తే, ముందు వెనక ఒకే సైజున్న కారులో కొత్తవి వెనక వేయించండి. శక్తి ముందు చక్రాలకి వెళ్లే కారైనా సరే. తడిలో ముందు చక్రాలు జారితే స్టీరింగ్ వదులవుతుంది, కాలు తీస్తే కారు దారికొస్తుంది. వెనకవి జారితే కారు తిరిగిపోతుంది. అసలైతే నాలుగూ ఒకే మోడల్ ఉండాలి.

9. గాలి

టైర్లు చల్లగా ఉన్నప్పుడు, అంటే కారు కనీసం మూడు గంటలు నిలిచి ఉన్నాక, స్టిక్కర్ మీద ఉన్నంత కొట్టించండి. సైడ్‌వాల్ మీద ముద్రించిన గరిష్ఠ ప్రెషర్ మీకు కావలసిన అంకె కాదు, ఎక్కువమంది ఇక్కడే పొరబడతారు. బయటి ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు మారితే ప్రెషర్ 1 పీఎస్‌ఐ దాకా మారుతుంది. రోడ్డు మీద నడిచాక 4 నుంచి 6 పీఎస్‌ఐ పెరగడం మామూలే. పెరిగిందని వేడి మీద గాలి తీయకండి, చల్లారాక తక్కువైపోతుంది.

10. మొదటి 500 కిలోమీటర్లు

కొత్త టైరు పైపొర మీద అచ్చు నుంచి విడిపడటానికి వాడిన పదార్థం ఉండొచ్చు, నున్నగా ఉంటుంది, ట్రెడ్ దిమ్మలు కూడా కుదురుకోవాలి. ఒక్కో కంపెనీ ఒక్కో దూరం చెబుతుంది, నేను 500 కి.మీ. అంటాను. ఆ దూరం గట్టిగా యాక్సిలరేటర్ తొక్కడం, మలుపులో తోయడం వద్దు, ముఖ్యంగా వానలో. నెమ్మదిగా వేగం పెంచుతూ, మెత్తగా బ్రేక్ వేస్తూ నడపండి. రాత్రంతా నిలిపి ఉంచాక మొదటి కొద్ది కిలోమీటర్లు కొద్దిగా దడదడమంటే కంగారు పడకండి, కింద నొక్కుకున్న భాగం వేడెక్కి గుండ్రంగా అవుతుంది.

11. సరిగ్గా కుదిరిందో లేదో ఇలా చూడండి

చాక్‌పీస్‌తో ట్రెడ్ మీద అడ్డంగా, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా మందంగా గీత గీయండి. ఖాళీగా, చదునుగా ఉన్న చోట నేరుగా కొద్ది దూరం మెల్లగా నడిపి దిగి చూడండి. గీత అంతటా సమానంగా చెరిగితే గాలి సరిగా ఉన్నట్టు. మధ్యలోనే చెరిగి అంచుల్లో మిగిలితే గాలి ఎక్కువ, అంచుల్లో చెరిగి మధ్యలో మిగిలితే తక్కువ. స్పోర్ట్స్ కార్లకి క్యాంబర్ (చక్రం పై భాగం లోపలికి వాలి ఉండటం) ఎక్కువ కాబట్టి లోపలి అంచు కాస్త ముందు చెరిగినా తప్పు కాదు. స్టిక్కర్ అంకెకి ఒకటి రెండు పీఎస్‌ఐ అటూ ఇటూ మార్చి చూడొచ్చు, అంతకంటే దూరం పోవద్దు.

1,500 కి.మీ. తర్వాత ట్రెడ్ లోతు మూడు చోట్ల కొలవండి: లోపలి అంచు, మధ్య, బయటి అంచు. రాసిపెట్టుకోండి. లోపలి అంచు చూడటానికి కారు కింద వంగాలి, బద్ధకించకండి. పైకి కొత్తగా కనిపించే టైరు లోపలివైపు దారాలు తేలేదాకా అరిగిపోయే కార్లు చాలా ఉన్నాయి. తర్వాత అరచేతిని ట్రెడ్ మీద అడ్డంగా ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి నిమరండి. ఒక దిశలో నున్నగా, రెండో దిశలో రంపం పళ్లలా గుచ్చుకుంటే టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సరిగా లేదు, అలైన్‌మెంట్ మళ్లీ చేయించాలి.

80 నుంచి 110 కి.మీ. మధ్య మాత్రమే స్టీరింగ్ వణికితే బ్యాలెన్సింగ్ లోపం. అన్ని వేగాల్లో కారు ఒకవైపు లాగుతుంటే ముందు గాలి చూడండి, తర్వాత రెండు ముందు చక్రాలు అటూ ఇటూ మార్చి చూడండి. బాణం గుర్తున్న టైర్లకి ఈ మార్పిడి కుదరదు. లాగే దిశ మారితే దోషం టైరుది, మారకపోతే అలైన్‌మెంట్‌ది.

ట్రెడ్ 1.6 మి.మీ. దాకా వాడొచ్చని చాలా దేశాల నిబంధన. వానలో తిరిగే స్పోర్ట్స్ కారుకి 3 మి.మీ. దగ్గరే మార్చేయండి. నీళ్లు బయటికి తోసే శక్తి అక్కడి నుంచి చాలా వేగంగా పడిపోతుంది, వెడల్పైన టైరుకి ఇంకా వేగంగా. ట్రెడ్ మిగిలి ఉన్నా, ఐదేళ్లు దాటితే ఏటా ఒకసారి చూపించండి, పదేళ్లు నిండితే తీసేయండి.

పంక్చర్ ట్రెడ్ మధ్య భాగంలో, 6 మి.మీ. లోపు రంధ్రమైతే, టైరు విప్పి లోపలి నుంచి ప్లగ్, ప్యాచ్ కలిపి వేయించుకోవచ్చు. బయటి నుంచి తాడు దూర్చి సరిపెట్టింది ఇంటికి చేరడానికి మాత్రమే. భుజం దగ్గరో (ట్రెడ్, సైడ్‌వాల్ కలిసే అంచు), సైడ్‌వాల్‌లోనో ఐతే ఆ టైరు ఇక పనికిరాదు. మరమ్మతు చేసిన టైరుకి పాత స్పీడ్ రేటింగ్ వర్తిస్తుందో లేదో కంపెనీని అడిగి తెలుసుకోండి, తెలిసేదాకా దాంతో ట్రాక్‌కి వెళ్లొద్దు.